స్కమ్ నుంచి 2020 దాకా: నేపామ్ డెత్ అసలు ఒకే బ్యాండా?

కొత్తశ్రోత
గ్రైండ్‌కోర్ బ్యాండ్ నేపామ్ డెత్ తొలి ఆల్బమ్ స్కమ్ వినండి, స్కమ్ వినండి అని ఇక్కడ ఏ థ్రెడ్ తెరిచినా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. విన్నాను. సగం దాకా ఒక దారిలో పోయింది. ఉన్నట్టుండి గొంతు మారింది, గిటార్ మారింది, రికార్డింగే వేరేలా అయింది. తర్వాత వాళ్లదే 1990 ఆల్బమ్ హార్మనీ కరప్షన్ పెడితే అది పక్కా ఫ్లోరిడా డెత్ మెటల్. 1996 నాటి డయాట్రైబ్స్ పెడితే తాపీగా నడిచే గ్రూవ్. 2020లో వచ్చిన దాంట్లో అమోరల్ అనే పాట దాదాపు పోస్ట్ పంక్. స్కమ్‌లో వాయించినవాళ్లు ఒక్కరూ ఇప్పుడు బ్యాండ్‌లో లేరు. ఇన్ని మారాక దీన్ని ఒకే బ్యాండ్ అని ఎందుకంటున్నాం? పేరుకి గిరాకీ ఉంది కాబట్టేనా? దెప్పడానికి అడగట్లేదు, నిజంగా తెలుసుకోవాలనే.

పాతటేపు
సగంలో మారడం నీ చెవి భ్రమ కాదు. అవి నిజంగానే రెండు బృందాలు. మొదటి వైపు 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లోని రిచ్ బిచ్ స్టూడియోలో తీశారు. నిక్ బుల్లెన్ గొంతు, బేస్. జస్టిన్ బ్రాడ్రిక్ గిటార్. మిక్ హారిస్ డ్రమ్స్. ముగ్గురే. వేరే బ్యాండ్‌తో చెరో వైపు పంచుకునే రికార్డు కోసం తీసిన టేపు అది. ఆ పని ముందుకు సాగలేదు. ఈలోపు బ్రాడ్రిక్ హెడ్ ఆఫ్ డేవిడ్ అనే బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించడానికి వెళ్లిపోయాడు, బుల్లెన్ కూడా తప్పుకున్నాడు. 1987 మేలో హారిస్ కొత్తవాళ్లని వెంటబెట్టుకుని మళ్లీ అదే స్టూడియోకి వెళ్లాడు. పాడటానికి లీ డోరియన్, గిటార్‌కి బిల్ స్టీర్, బేస్‌కి జిమ్ వైట్‌లీ. అది రెండో వైపు. ఇయరేక్ అనే రికార్డు కంపెనీ వాళ్లు రెండూ అతికించి జూలైలో వేశారు. మొత్తం 28 పాటలు, అరగంట పైచిలుకు.

రెండు వైపులా ఉన్నది హారిస్ ఒక్కడే. అతనూ బ్యాండ్ పెట్టినవాడు కాదు, 1985లో వచ్చి చేరాడు.

కొత్తశ్రోత
అంటే మొదటి ఆల్బమ్ బయటికొచ్చేనాటికే బ్యాండ్ పెట్టినవాళ్లు ఎవరూ లోపల లేరన్నమాట. అన్నా, నువ్వు జవాబు చెప్పలేదు, నా ప్రశ్నకే బలం ఇచ్చావ్.

గ్రైండ్_గిరి
ఒకే బ్యాండ్ కాదు. 1986 నుంచి 1988 దాకా ఒక బ్యాండ్. ఆ తర్వాత అదే పేరుతో ఒక మంచి డెత్ మెటల్ బ్యాండ్. నా వరకు ఇంతే.

డీబీట్_దుర్గ
అందరూ 1986 దగ్గరే మొదలుపెడుతున్నారు. ఇది 1981లో కవెంట్రీ దగ్గర మెరిడెన్ అనే ఊళ్లో బుల్లెన్, మైల్స్ రాట్లెడ్జ్ అనే ఇద్దరు బడి పిల్లలు పెట్టిన పంక్ బ్యాండ్. అప్పుడు వేగం లేదు, బ్లాస్ట్ అనే మెరుపు వేగపు డ్రమ్ పద్ధతి లేదు. క్రాస్ బ్యాండ్ దారిలో నడిచిన అనార్కో పంక్, అంటే రాజ్యాన్నే ఎదిరించే పంక్. 1984లో క్రాస్ వాళ్లు తెచ్చిన బుల్‌షిట్ డిటెక్టర్ మూడో సంకలనంలో వీళ్ల పాట ఒకటి ఉంది. అది విని, ఆ వెంటనే స్కమ్ విను. వాయించే తీరులో పోలికే ఉండదు. కోపం మాత్రం అదే.

ఆ కోపం ఎటువైపు పోయిందో చూడు. స్కమ్‌లో తొలి పాట బహుళజాతి కంపెనీల మీద. 2015లో వచ్చిన ఏపెక్స్ ప్రెడేటర్ బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలిపోవడం నుంచి పుట్టింది. 2013 ఏప్రిల్‌లో 1,100 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బట్టలు కుట్టే కార్మికులు. అంటే పరాయి దేశాల కంపెనీలకి చౌకగా బట్టలు కుట్టిపెట్టినవాళ్లు. రెండు ఆల్బమ్‌ల మధ్య 28 ఏళ్లు, మనుషులంతా మారిపోయారు, నిలదీస్తున్నది మాత్రం అదే మనిషిని. బ్యాండ్ అంటే నాకు ఇది.

తక్కువమాట
దుర్గక్క చెప్పిందే.

గ్రైండ్_గిరి
సాహిత్యం సరే అక్కా. థ్రెడ్ అడుగుతున్నది సౌండ్ గురించి. మాటలు ఒకటే అయినంత మాత్రాన సంగీతం ఒకటైపోదు.

డీబీట్_దుర్గ
హార్డ్‌కోర్‌లో ఆ రెంటినీ విడదీయలేం గిరీ. ఆ మాటలు చెప్పాలనే ఆ సౌండ్ కావాల్సొచ్చింది.

స్నేర్_శీను
నేను డ్రమ్స్ వాయిస్తాను కాబట్టి డ్రమ్స్ సంగతి చెప్తా. స్కమ్ ఏమీ లేనిచోట పుట్టలేదు. స్టోక్ ఆన్ ట్రెంట్ బ్యాండ్ డిశ్చార్జ్ 1982 ఆల్బమ్‌తో డీ బీట్ అనే డ్రమ్ నడకకి ఒక రూపం ఇచ్చేసింది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని వేమౌత్ నుంచి సీజ్ అనే బ్యాండ్ 1984లో ఒక డెమో తీసింది. హార్డ్‌కోర్‌ని అంత వేగంగా, అంత ఒళ్లు తెలియకుండా అప్పటిదాకా దాదాపు ఎవరూ వాయించలేదు. మిషిగన్‌లోని ఫ్లింట్ నుంచి రిపల్షన్. ఈ టేపులన్నీ పోస్టులో చేతులు మారుతూ బర్మింగ్‌హామ్ చేరాయి. హారిస్ అవి విని, వాటికంటే ఒక మెట్టు పైకి వెళ్లాలని పట్టుబట్టాడు.

బ్లాస్ట్ అంటే వినడానికి గందరగోళం గానీ చేసే పని చాలా తేలిగ్గా చెప్పొచ్చు. కుడి చెయ్యి సింబల్ మీద, కుడి కాలు కిక్ అనే పెద్ద డ్రమ్ మీద ఒకేసారి పడతాయి. వాటి మధ్య ఖాళీలో ఎడమ చెయ్యి స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద పడుతుంది. దాన్ని శరీరం తట్టుకోలేనంత వేగంలో పెట్టడమే. ఆ పేరు వాడుకలోకి తెచ్చింది హారిసే అంటారు, గ్రైండ్‌కోర్ అన్న పేరు కూడా. వాయించి చూడు, అర నిమిషంలో ముంజేయి రాయిలా బిగుసుకుపోతుంది. స్కమ్‌లో ద కిల్ పాట విన్నప్పుడల్లా అతను అలిసిపోతున్నట్టు వినిపిస్తుంది నాకు. అలిసిపోతూ కూడా ఆపట్లేదు. ఆ బిగువు తర్వాతి ఏ ఆల్బమ్‌లోనూ అదే మోతాదులో దొరకలేదు, మనసు చంపుకోలేక చెప్తున్నా.

కొత్తశ్రోత
ఇది ఉపయోగపడే మాట శీను అన్నా. నాకు ఆ వేగంలో రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస, ఏదీ పట్టుబడట్లేదు. ఎలా వినాలి?

స్నేర్_శీను
వేగాన్ని పట్టుకోకు. అది ఎక్కడ ఆగుతుందో అక్కడ విను. బ్లాస్ట్ నుంచి నెమ్మది భాగానికి దిగే చోట రిఫ్ అంతా విప్పుకుని కనిపిస్తుంది. ఒకసారి అక్కడ పట్టుకున్నాక అదే రిఫ్ వేగంలోనూ వినిపిస్తుంది.

ఎంపీత్రీ_మురళి
స్కమ్‌లోని యూ సఫర్ పాట గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేంటి? 1.316 సెకన్లు. అతి పొట్టి పాటగా గిన్నిస్‌లో ఎక్కింది. ఈ థ్రెడ్ ఇక్కడిదాకా చదివే లోపు ఆ పాటతో ఓ రోజు కచేరీ పెట్టుకోవచ్చు.

తక్కువమాట
కచేరీ అయిపోయింది. ఇంకోసారి?

లోట్యూన్
మురళి సరదాగా అన్నాడు గానీ ఆ పాట దగ్గర ఒక సంగతి ఉంది. అది మొదటి వైపులో ఆఖరి పాట. అదే వైపులో సీజ్ ఆఫ్ పవర్ దాదాపు నాలుగు నిమిషాలు నడుస్తుంది. నాలుగు నిమిషాల పాట, సెకను పాట ఒకే వైపున పెట్టిన బ్యాండ్‌ని "వేగం బ్యాండ్" అని ఎలా కుదించేస్తాం?

అసలు స్కమ్‌లో మొట్టమొదట వినిపించేది ఏంటో గుర్తుందా? బ్లాస్ట్ కాదు. మల్టీనేషనల్ కార్పొరేషన్స్ నెమ్మదిగా, బరువుగా, లోతు గొంతుతో ఈడ్చుకుంటూ వస్తుంది. 1988లో వచ్చిన ఫ్రమ్ ఎన్‌స్లేవ్‌మెంట్ టు ఆబ్లిటరేషన్ కూడా అంతే. మొదటి పాట ఎవాల్వ్డ్ యాజ్ వన్, నత్తనడక. 2015 ఏపెక్స్ ప్రెడేటర్ టైటిల్ పాటతో తెరుచుకుంటుంది, అదీ నెమ్మదే, ఇండస్ట్రియల్ మోత. వీళ్లు ఒక చెవితో సీజ్ విన్నారు, ఇంకో చెవితో స్వాన్స్, సెల్టిక్ ఫ్రాస్ట్ లాంటి బరువు బ్యాండ్‌లని విన్నారు. ఈ రెండో చెవి సంగతి ఎవరూ మాట్లాడరు. అది వినిపించుకుంటే 1990ల నెమ్మదితనం ఆకాశం నుంచి ఊడిపడినట్టు అనిపించదు.

గ్రైండ్_గిరి
బాగుంది గానీ, ఒక నిమిషం నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత విరుచుకుపడటం వేరు, ఆల్బమ్ ఆల్బమంతా మధ్యస్థ వేగంలో నడపడం వేరు. ఫియర్ ఎంప్టినెస్ డిస్పెయిర్, డయాట్రైబ్స్, ఇన్‌సైడ్ ద టార్న్ అపార్ట్, వర్డ్స్ ఫ్రమ్ ద ఎగ్జిట్ వూండ్. 1994 నుంచి 1998 దాకా నాలుగు ఆల్బమ్‌లు. మొదటిది అమెరికాలో కొలంబియా అనే పెద్ద రికార్డు కంపెనీ చేతుల మీదుగా వచ్చింది. 1995లో మోర్టల్ కాంబాట్ సినిమా సౌండ్‌ట్రాక్‌లో కూడా వీళ్ల పాట ఉంది. ఇవన్నీ కలిపి చూడు, అమ్ముడుపోయినట్టే కదా.

లోట్యూన్
కలిపే చూస్తున్నా. బయటికి వెళ్లిపోయినవాళ్లు ఏం చేశారో అదీ కలుపు.

బ్రాడ్రిక్ వెళ్లి గాడ్‌ఫ్లెష్ పెట్టాడు. డ్రమ్ మెషీన్, గోడ కూలుస్తున్నట్టు నెమ్మది. డోరియన్ 1989లో వెళ్లి కెథీడ్రల్ పెట్టాడు. ఫక్తు డూమ్ మెటల్, స్కమ్ పాడిన గొంతేనా అనిపించేంత నెమ్మది. మిక్ హారిస్ 1991లో వెళ్లి బుల్లెన్‌తో స్కార్న్ పెట్టాడు. డబ్, చీకటి, పొడుగాటి బేస్ గీతలు. స్కార్న్ తొలి ఆల్బమ్ వే సోలిస్ 1992లో వచ్చింది, దాంట్లో గిటార్ బ్రాడ్రిక్. అంటే స్కమ్ మొదటి వైపు తీసిన ముగ్గురూ ఆరేళ్ల తర్వాత మళ్లీ ఒకచోట చేరి అడుగు బాగా తగ్గించి వాయించారు. ఏ పెద్ద కంపెనీ వాళ్లని అలా చెయ్యమనలేదు. నెమ్మదితనం మొదట్నుంచీ ఆ మనుషుల్లోనే ఉంది.

పాతటేపు
ఈ కోణం నేనెప్పుడూ ఇలా వరసగా చూడలేదు. చాలా బాగా పట్టావ్ లోట్యూన్.

గ్రైండ్_గిరి
బిల్ స్టీర్ మాటేంటి మరి? అతను కార్కస్ బ్యాండ్‌కి పూర్తిగా వెళ్లి నెమ్మదించలేదుగా.

లోట్యూన్
కార్కస్ ఆల్బమ్ సింఫనీస్ ఆఫ్ సిక్‌నెస్ విని మళ్లీ రా. వేగం ఉంది, కానీ మధ్యలో ఎన్నిసార్లు అడుగు తగ్గిస్తాడో లెక్కపెట్టు.

గ్రైండ్_గిరి
అడుగు తగ్గించడం నెమ్మదించడం కాదు. స్టీర్‌ని నీ వైపు లాక్కోలేవ్.

స్నేర్_శీను
స్టీర్ విషయంలో గిరి వైపే నేను.

గొంతుచించుకో
నేను పాడతాను, అంటే అరుస్తాను. కాబట్టి గొంతుల గురించి. ఫ్రమ్ ఎన్‌స్లేవ్‌మెంట్‌లో డోరియన్ లోతు గొంతు ఒకవైపు, డ్రమ్స్ వెనక నుంచి హారిస్ కీచు అరుపు ఇంకోవైపు. ఒకే పాటలో ఆ రెండూ కొట్టుకుంటాయి. 1989లో డోరియన్, స్టీర్ వెళ్లిపోయాక బెనెడిక్షన్ బ్యాండ్ నుంచి పాడటానికి మార్క్ గ్రీన్‌వే వచ్చాడు, అందరూ బార్నీ అంటారు. ఇద్దరు గిటారిస్టులు వచ్చారు: టెర్రరైజర్ నుంచి జెస్సీ పింటాడో, లాస్ వేగస్ బ్యాండ్ రైచస్ పిగ్స్ నుంచి మిచ్ హారిస్. మిక్‌కీ మిచ్‌కీ చుట్టరికం ఏమీ లేదు, ఇంటిపేరు కలిసిందంతే.

ఆ రెండు గొంతుల పద్ధతి మాత్రం పోలేదు. కింద బార్నీ, పైన మిచ్. మనుషులు మారినా చోటు ఖాళీగా ఉంచలేదు. కొత్తశ్రోత అడిగిన దానికి నా జవాబు ఇదే. ఏపెక్స్ ప్రెడేటర్‌లో మిచ్ అరుపులు విని, వెంటనే ఫ్రమ్ ఎన్‌స్లేవ్‌మెంట్‌కి వెళ్లు.

బార్నీ గొంతు గురించి ఇంకొక్క మాట. చాలామంది డెత్ మెటల్ గాయకులు పదాన్ని మింగేస్తారు. ఇతను పదాన్ని కొరికి వదుల్తాడు. సాహిత్యం కాగితం చేతిలో పెట్టుకుని విను, ఎక్కడ ఏ మాట పడిందో తెలుస్తుంది. అది హార్డ్‌కోర్ గాయకుడి అలవాటు, డెత్ మెటల్ వాళ్లది కాదు. నేను నా బ్యాండ్‌లో ఆ పద్ధతి తెచ్చుకున్నాకే ముందు వరసలో నిలబడినవాళ్లు మాతో కలిసి అరవడం మొదలుపెట్టారు.

ఎంపీత్రీ_మురళి
1996లో బార్నీ బయటికెళ్లి ఎక్స్‌ట్రీమ్ నాయిస్ టెర్రర్‌లో చేరాడు, అక్కడి గాయకుడు ఫిల్ వేన్ ఇక్కడికొచ్చాడు. మళ్లీ ఎవరి గూటికి వాళ్లు చేరారు, 1997 ఆల్బమ్ బార్నీయే పాడాడు. ఫుట్‌బాల్ క్లబ్బులు కూడా ఆటగాళ్లని ఇంత తొందరగా తిరిగిచ్చెయ్యవు.

పాతటేపు
గిరి "1988 దాకా ఒక బ్యాండ్, ఆ తర్వాత డెత్ మెటల్ బ్యాండ్" అన్నాడు కదా, ఆ గీత అక్కడ గీయడం కుదరదు. 1989లో వచ్చిన మెంటల్లీ మర్డర్డ్ ఈపీ, అంటే ఆల్బమ్ కంటే చిన్న రికార్డు, వినండి. డోరియన్, స్టీర్ ఇద్దరూ ఇంకా ఉన్నారు. అయినా రిఫ్‌లు అప్పటికే డెత్ మెటల్ వైపు వంగిపోయాయి, పాటలు పొడుగయ్యాయి, రికార్డింగ్ శుభ్రపడింది. అంటే బార్నీ వచ్చి మార్చలేదు, ఫ్లోరిడాలోని టాంపా వెళ్లడం వల్ల మారలేదు. మారుతున్న బ్యాండ్‌లోకే బార్నీ వచ్చాడు.

1990లో టాంపాలోని మోరీసౌండ్ స్టూడియోలో ప్రొడ్యూసర్ స్కాట్ బర్న్స్‌తో హార్మనీ కరప్షన్ తీశారు. అన్‌ఫిట్ ఎర్త్ పాటలో డియిసైడ్ బ్యాండ్ గ్లెన్ బెంటన్, ఆబిచ్యువరీ బ్యాండ్ జాన్ టార్డీ గొంతు కలిపారు. అప్పట్లో డెత్ మెటల్ అంటే అదే అడ్రస్. కానీ మరుసటి ఏడే మాస్ అప్పీల్ మ్యాడ్‌నెస్ ఈపీతో మళ్లీ మురికి సౌండ్‌కి వచ్చేశారు. మిక్ హారిస్ వెళ్లాక డ్రమ్స్‌కి డానీ హెరెరా వచ్చాడు, 1992 యుటోపియా బానిష్డ్‌లో వేగం దంచి కొట్టారు. వీళ్లు వెళ్తూ వస్తూనే ఉన్నారు, తిన్నగా ఒకవైపుకే నడిచింది ఎప్పుడూ లేదు.

గ్రైండ్_గిరి
మెంటల్లీ మర్డర్డ్ గురించి చెప్పింది నిజమే, ఆ ఈపీ నాకు ఇష్టం కూడా. గీత 1989లో ఎక్కడో గీసుకుంటా, పోనీ. అయినా హార్మనీ కరప్షన్‌లో డ్రమ్స్ బొత్తిగా నోరు కట్టేసినట్టు ఉంటాయి. శీను, నువ్వే చెప్పు.

స్నేర్_శీను
ఉంటాయి. స్నేర్‌కి చోటు లేదు, గిటార్లు మొత్తం కప్పేశాయి. ఆ పాటలే కచేరీల్లో వాయించిన రికార్డింగులు వింటే ఆల్బమ్ ఏం పోగొట్టుకుందో తెలుస్తుంది.

కొత్తశ్రోత
1990ల ఆల్బమ్‌లని వెనకేసుకొచ్చేవాళ్లు లోట్యూన్ అన్న తప్ప ఎవరూ లేరా?

విసురురాయి
నేనున్నాను. ఈ బ్యాండ్‌కి నేను డయాట్రైబ్స్‌తోనే వచ్చాను. స్కమ్ నాకు తర్వాత దొరికింది. ఆ నాలుగు ఆల్బమ్‌లలో రిఫ్ ఊపిరి పీల్చుకుంటుంది. గ్రీడ్ కిల్లింగ్ వినండి, తల దానంతటదే ఊగుతుంది, బార్నీ అరిచే ప్రతి మాటకీ చోటు ఉంది. అప్పుడు హెల్మెట్ లాంటి బ్యాండ్‌లు తెగ్గొట్టినట్టు వాయించే రిఫ్‌లు అందరి చెవుల్లో ఉన్నాయి, వీళ్ల చెవుల్లోనూ ఉన్నాయి. దాన్ని అమ్ముడుపోవడం అంటే నాకు బాధేస్తుంది. అమ్ముడుపోవాలనుకున్నవాళ్లు ఫియర్ ఎంప్టినెస్ డిస్పెయిర్ అంత చేదు ఆల్బమ్ తియ్యరు. ఒక్క పాటలోనైనా చెవికి ఇంపైన పల్లవి ఉందా చూపించండి.

అయినా ఆ నాలుగు లేకపోతే 2000 తర్వాతి ఆల్బమ్‌లు లేవు. ఎనిమీ ఆఫ్ ద మ్యూజిక్ బిజినెస్ వేగంగా ఉందని అందరూ మెచ్చుకుంటారు. ఆ వేగం కింద గ్రూవ్ ఎక్కడ నేర్చుకున్నారు? 1994, 1996లో.

డీబీట్_దుర్గ
విసురురాయి చెప్పిన దాంట్లో ఆఖరి మాట చాలా ముఖ్యం. దానికి ముందు 1999లో లీడర్స్ నాట్ ఫాలోయర్స్ అని వేరే బ్యాండ్‌ల పాత పాటల ఈపీ ఒకటి తీశారు. రిపల్షన్, డెడ్ కెన్నెడీస్, రా పవర్ పాటలు అందులో ఉన్నాయి. ఇయరేక్ నుంచి బయటికొచ్చి, తమని తయారుచేసిన బ్యాండ్‌ల పాటలు వాయించుకుని, మరుసటి ఏడు ఎనిమీ ఆఫ్ ద మ్యూజిక్ బిజినెస్ వదిలారు. ఎవరి చెప్పుచేతల్లోంచి బయటపడ్డారో ఆల్బమ్ పేరులోనే ఉంది.

కొత్తశ్రోత
2020 ఆల్బమ్ మీద ఒక మాట చెప్పండి. అమోరల్ నాకు నిజంగా నచ్చింది, కానీ అది నచ్చడం ఇక్కడ నేరమేమో అనిపించింది.

లోట్యూన్
నేరమేంటి బ్రో. ఆ పాటలో పోస్ట్ పంక్ బ్యాండ్ కిల్లింగ్ జోక్ రక్తం ఉంది. అదే ఆల్బమ్ సమయంలో సోనిక్ యూత్ పాట ఒకటి వాయించారు. 2012 యుటిలిటేరియన్‌లో జాన్ జోర్న్ శాక్సోఫోన్ ఊదాడు, మిక్ హారిస్ జోర్న్‌తో పెయిన్‌కిల్లర్ అనే బ్యాండ్ పెట్టిన ఇరవై ఏళ్ల తర్వాత. ఇదంతా బేస్ వాయించే షేన్ ఎంబరీ, మిచ్ చెవుల్లో ఎప్పట్నుంచో ఉన్న సరుకే. ఎంబరీ 1987లో చేరాడు, బేస్ తీగలు ఇనుప రేకు చించినట్టు ఉండాలని అతను పట్టుకున్న పట్టు ఇప్పటికీ వదల్లేదు. ఈ బ్యాండ్‌లో నేను మొదట వినేది ఆ బేస్‌నే.

ఎంపీత్రీ_మురళి
2013లో లండన్ వీ అండ్ ఏ మ్యూజియంలో వీళ్ల కచేరీ పెట్టాలనుకున్నారు. ఒక కళాకారుడు సిరామిక్ వాడి స్పీకర్లు తయారుచేశాడు, వీళ్లు వాయిస్తే అవి పగిలిపోవాలి. భవనం దెబ్బతింటుందన్న భయంతో మ్యూజియం రద్దు చేసింది. ఆ ఏడే తర్వాత బెక్స్‌హిల్‌లో జరిగింది. ముప్పై ఏళ్ల వయసున్న బ్యాండ్ ఒక కట్టడాన్ని భయపెట్టింది, దీనికంటే మంచి సర్టిఫికెట్ ఉందా?

తక్కువమాట
గోడలకి కూడా తెలుసు.

కొత్తశ్రోత
నాలుగు రోజుల్లో మళ్లీ అన్నీ విన్నాను. శీను అన్న చెప్పినట్టు ఆగే చోట్లు పట్టుకున్నాక స్కమ్ మొదటి వైపు తెరుచుకుంది. రెండో వైపు ఇంకా గోడలాగే ఉంది. ఫ్రమ్ ఎన్‌స్లేవ్‌మెంట్ అదరగొట్టింది, మొదటి పాట దగ్గరే కూర్చుండిపోయాను. లోట్యూన్ అన్న వాదన బలంగా ఉంది. కానీ ఒకే బ్యాండ్ అని ఒప్పుకోను. స్కమ్ మొదటి వైపు ఒక బ్యాండ్, 1987 నుంచి ఎంబరీ ఉన్నది ఇంకో బ్యాండ్. రెండూ నాకు నచ్చాయి.

పాతటేపు
ఎంబరీ వచ్చింది స్కమ్ రెండో వైపు అయ్యాక. నీ లెక్కలో రెండో వైపు ఏ బ్యాండ్‌ది మరి?

కొత్తశ్రోత
దానికింకా చోటు చూడలేదు అన్నా. అందుకే అది గోడలా ఉందేమో.

గొంతుచించుకో
రెండో వైపుకి సాహిత్యం కాగితం పట్టుకుని కూర్చో. డోరియన్ ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో చూడు, ప్రతి పాటా అక్కడ విరుగుతుంది.

గ్రైండ్_గిరి
మీ అందరి మాట మీద ఈ రాత్రి డయాట్రైబ్స్ పెడుతున్నా. గ్రీడ్ కిల్లింగ్ బాగుంది. మిగతాదాని మీద విసురురాయితో వేరే థ్రెడ్‌లో తేల్చుకుంటా.

విసురురాయి
తెరిచేశాను. వచ్చెయ్. ముందు ఫియర్ ఎంప్టినెస్ డిస్పెయిర్ విని రా, ఉత్త చేతులతో రావద్దు.